వాడిన పూల చరిత్ర



ప్రతి ఏడూ ఈ నివేదికలో పొదుపు లెక్కలు, అప్పుల లెక్కలు, వసూళ్ల లెక్కలు రాస్తాం. అవి వెనక పేజీల్లో ఎప్పటిలాగే ఉన్నాయి. ఈసారి వాటితో పాటు ఒక చరిత్ర కూడా రాస్తున్నాం. అది వాడిన పూల చరిత్ర.

దేనికంటే, గుళ్లలో మిగిలిపోయే పూలతో ఏదైనా పని పెట్టుకుందామని మన గ్రామ సంఘాల్లో మాట నడుస్తా ఉంది. ఒక వ్యాపారి వచ్చి, పూలు ఏరి, ఎండబెట్టి, పొడి కొట్టి ఇస్తే కిలోకు ఇంత అని ఇస్తానన్నాడు. ఇంటి దగ్గర కూర్చొని చేసే పనే కదా, వెంటనే ఒప్పుకుందాం అని కొందరన్నారు. పొడి ఎందుకు, అగరబత్తీలే మనం చేద్దాం అని కొందరన్నారు. ఇంకొందరు గోబర్ గ్యాసు మాదిరి పూల గ్యాసు పెడదాం అన్నారు. రాబోయే మహాసభలో దీని మీద తీర్మానం చేయాలి. చేయి ఎత్తే ముందు, ఈ పని ఇంతకు ముందు ఎక్కడ మొదలైంది, ఎవరు చేశారు, ఎవరికి ఏం మిగిలింది అనేది అందరికీ తెలిసి ఉండాలని ఈ వ్యాసం రాస్తున్నాం. చదవడం రానివాళ్లకు సంఘం మీటింగులో ఎవరైనా చదివి వినిపించండి.

చదివేటప్పుడు మూడు ప్రశ్నలు మనసులో పెట్టుకోండి. పువ్వు ఎవరిది? పని ఎవరిది? లెక్క ఎవరి చేతిలో ఉంది?

పాతకాలంలో వాడిన పువ్వు

మన పెద్దవాళ్లు దేవుడికి పెట్టిన పువ్వును చెత్తలో వేసేవాళ్లు కాదు. కాళ్ల కింద పడితే పాపం అనేవాళ్లు. ఇంట్లో పూజ పూలు తులసి కోట మొదట్లోనో, కొబ్బరి చెట్టు పాదులోనో వేసేవాళ్లు. గుడి పూలు కోనేట్లోనో, ఏట్లోనో, పాత బావిలోనో కలిపేవాళ్లు. అప్పట్లో పూలు కొంచెం, నీళ్లు ఎక్కువ. దండ కట్టేది అరటి నారతో. నీళ్లలో పడితే పువ్వూ నారా రెండూ కుళ్లి మట్టిలో కలిసిపోయేవి.

మన తిరుమల కొండ మీద దీనికి ఒక ఏర్పాటే ఉంది. కొండ మీద పూలన్నీ స్వామికే అని ఆచారం. అందుకే కొండకు పోయినప్పుడు మనం ఎవరమూ తలలో పూలు పెట్టుకోము. స్వామికి వేసి తీసిన దండలు భక్తులకు ఇవ్వరు. వాటి కోసం ఆలయం లోపలే పూల బావి అని ఒక బావి ఉంది. తీసిన పూలు అందులో వేసేవాళ్లు. వాడిన పువ్వుకు కూడా ఒక చోటు చూపించాలి అనే ఆలోచన మనకు కొత్తగా ఎవరో నేర్పింది కాదని దీన్ని బట్టి తెలుస్తుంది.

కొండ మీద పూల తోట గురించి కూడా ఒక కథ చెప్పుకుంటారు. రామానుజాచార్యుల శిష్యుడు అనంతాళ్వారు స్వామికి పూల సేవ చేయడానికి కొండ మీదికి వచ్చాడు. తోటకు నీళ్ల కోసం చెరువు తవ్వడం మొదలుపెట్టాడు. ఆయన గునపంతో తవ్వుతా ఉంటే, నిండు గర్భిణి అయిన ఆయన భార్య మట్టి తట్ట మోసింది. ఆమె కష్టం చూడలేక స్వామి చిన్న పిల్లాడి రూపంలో వచ్చి తట్ట అందుకున్నాడట. అది చూసి అనంతాళ్వారు కోపంతో గునపం విసిరితే పిల్లాడి గడ్డానికి తగిలిందట. అందుకే స్వామి గడ్డానికి ఇప్పటికీ పచ్చకర్పూరం పెడతారని చెబుతారు. ఆ గునపం మహాద్వారం దగ్గర గోడకు వేలాడదీసి ఉంటుంది, మనలో చాలామంది చూసినాం.

ఈ కథ మనందరికీ తెలిసిందే. కానీ మట్టి మోసిన ఆ తల్లి పేరు ఏమిటని మేము అడిగితే మా సంఘంలో ఒక్కరు కూడా చెప్పలేకపోయారు. తోటకు ఆయన పేరు ఉంది, గోడకు గునపం ఉంది. తట్ట మాత్రం ఎక్కడా లేదు. పూల పనిలో ఆడవాళ్ల కష్టం ఎప్పటి నుంచో ఉంది, పేరు మాత్రం వేరేవాళ్లకు పోతా వచ్చింది అని చెప్పడానికే ఈ కథ గుర్తుచేసినాం.

తెలంగాణలో బతుకమ్మ పండుగ ఉంది. తంగేడు, గునుగు, బంతి పూలు పేర్చి, ఆడి పాడి, చివరకు చెరువులో నిమజ్జనం చేస్తారు. అది ఆడవాళ్ల పండుగ. 2014లో తెలంగాణ ప్రభుత్వం దాన్ని రాష్ట్ర పండుగ చేసింది. చేల గట్ల మీద, గుట్టల మీద దొరికే పూలు ఏడాదికి కొన్ని రోజులు చెరువులో కలిస్తే చెరువుకు బరువు కాదు. రోజూ టన్నుల లెక్కన పూలు పడితేనే కష్టం.

పువ్వు చెత్త ఎట్లా అయింది

పూర్వం గుడికి పూలు ఊరి తోట నుంచి వచ్చేవి. తర్వాత రోడ్లు వచ్చాయి, లారీలు వచ్చాయి, పూల సాగు పెరిగింది. గోదావరి జిల్లాలో కడియపులంక పూల మార్కెట్టు, హైదరాబాదులో గుడిమల్కాపూర్ మార్కెట్టు లాంటివి పెద్దవయ్యాయి. పెళ్లి మండపాలకు, మీటింగులకు, ప్రారంభోత్సవాలకు కూడా పూలే. పండుగ ముందర ధర ఆకాశంలో ఉంటుంది, పండుగ మరుసటి రోజు కోత కూలి కూడా రాదు. అప్పుడు రైతులు బంతిపూల మూటలు రోడ్డు పక్కన పారబోసి పోతారు. అంటే వాడిన పువ్వే కాదు, అమ్ముడుపోని పువ్వు కూడా చెత్తే అయింది.

దండలో కూడా మార్పు వచ్చింది. అరటి నార పోయి నైలాన్ దారం వచ్చింది. మెరుపు కాగితాలు, థర్మోకోల్, గుండు సూదులు, ప్లాస్టిక్ పూలు, పాలిథీన్ కవర్లు వచ్చాయి. భక్తితో కవరుతో సహా నీళ్లలో వేసే అలవాటు కూడా వచ్చింది.

నీళ్లలో పడిన పువ్వు ఏం చేస్తుందో ఒక మాట చెప్పుకోవాలి. పువ్వు కుళ్లడం అంటే కంటికి కనపడని సూక్ష్మజీవులు దాన్ని తినడం. తినేటప్పుడు అవి నీళ్లలో కరిగి ఉన్న ప్రాణవాయువును వాడుకుంటాయి. కొంచెం పువ్వు అయితే ఫరవాలేదు. ఎక్కువైతే చేపలకు గాలి చాలదు. నీళ్లు నల్లబడి వాసన వస్తాయి. తోటలో పూల మీద కొట్టిన పురుగు మందు కూడా ఆ నీళ్లలోకే దిగుతుంది.

గంగను శుభ్రం చేయడానికి కేంద్ర ప్రభుత్వం 1986లో గంగా కార్యాచరణ ప్రణాళిక మొదలుపెట్టింది. అప్పుడు దృష్టి అంతా ముఖ్యంగా ఊళ్ల మురుగు నీటి మీదే. పువ్వు పవిత్రమైనది కాబట్టి దాన్ని మురికిగా లెక్కపెట్టడానికి చాలాకాలం ఎవరికీ మనసొప్పలేదు. 2016లో వచ్చిన ఘన వ్యర్థాల నిర్వహణ నియమాల్లో ఈ సంగతి సూటిగా వచ్చింది. రోజుకు సగటున 100 కిలోలకు మించి వ్యర్థం వచ్చే చోట్లను పెద్ద వ్యర్థ ఉత్పత్తిదారులు అన్నారు. ఆ జాబితాలో ఆసుపత్రులు, హోటళ్లతో పాటు పూజా స్థలాలను కూడా చేర్చారు. వాళ్లు తడి చెత్త, పొడి చెత్త వేరు చేయాలన్నారు. చేతనైనంత వరకు తడి చెత్తను తమ ఆవరణలోనే ఎరువుగానో గ్యాసుగానో మార్చుకోవాలన్నారు. అవే నియమాల్లో చెత్త ఏరుకునేవాళ్లతో స్వయం సహాయక సంఘాలు ఏర్పాటు చేయించి, గుర్తింపు కార్డులు ఇచ్చి పనిలో కలుపుకోవాలని కూడా ఉండింది. సంఘాలకు ఈ పనిలో చోటు ఉండాలని నియమమే చెప్పింది. ఈ మాట మన సభ్యులు గుర్తు పెట్టుకోవాలి.

కాన్పూర్‌లో మొదలైన పని

వాడిన పూలతో వస్తువులు చేయడం అనే మాట దేశమంతా వినపడింది కాన్పూర్ నుంచి. అది ఉత్తరప్రదేశ్‌లో గంగ ఒడ్డున ఉన్న ఊరు. 2015లో అంకిత్ అగర్వాల్, కరణ్ రస్తోగీ అనే ఇద్దరు యువకులు అక్కడ హెల్ప్ అస్ గ్రీన్ అనే సంస్థ పెట్టారు. గుళ్ల నుంచి పూలు తెచ్చి మొదట వానపాముల ఎరువు, అగరబత్తీలు చేశారు. తర్వాత ఆ సంస్థ ఫూల్ అనే పేరుతో వ్యాపారం చేస్తా వచ్చింది. ఫూల్ అంటే హిందీలో పువ్వు.

అగరబత్తీ సంగతి మనకు తెలుసు. మామూలు బత్తీలో వెదురు పుల్ల మీద బొగ్గు పొడి, జిగట్ పొడి కలిపిన ముద్ద ఉంటుంది. కాన్పూర్ వాళ్లు బొగ్గు తీసేసి ఆ చోట్లో పూల పొడి పెట్టారు. పూలలోంచి దారాలు, కాగితాలు ఏరాలి, రేకులు తుంచాలి, ఎండబెట్టాలి, పొడి కొట్టాలి, ముద్ద కలపాలి, పుల్లకు చుట్టాలి, నీడలో ఆరబెట్టాలి, సువాసన పట్టించాలి, ప్యాక్ చేయాలి. చెప్పడానికి ఒక వాక్యం, చేయడానికి తొమ్మిది పనులు. వాటిలో ఎక్కువ భాగం ఆడవాళ్ల చేతుల మీదే నడిచింది. అందులో చాలామంది అంతకు ముందు చేతులతో మలం ఎత్తే పని చేసిన కుటుంబాల వాళ్లు. ఆ పనిని 2013లో వచ్చిన చట్టం పూర్తిగా నిషేధించింది, కానీ దాన్ని వదిలిన ఆడవాళ్లకు ఇంకో పని ఎవరు ఇస్తారు? ఊరు ముట్టుకోనివ్వని చేతులకు దేవుడి పూలు అప్పజెప్పడం చిన్న విషయం కాదు. 2018లో ఐక్యరాజ్యసమితి వాతావరణ విభాగం ఈ సంస్థకు మహిళల విభాగంలోనే అవార్డు ఇచ్చింది.

అక్కడే ఇంకో వస్తువు పుట్టింది. పూల వ్యర్థం మీద పెరిగే ఒక రకం బూజును పెంచి, దాంతో తోలు మాదిరి పలక తయారు చేశారు. దానికి ఫ్లెదర్ అని పేరు పెట్టారు. జంతువు చర్మం లేకుండా తోలు అన్నమాట. ఇది చదువుకున్న శాస్త్రవేత్తలు, పెద్ద పెట్టుబడి ఉంటేగాని జరిగే పని కాదు. పూలలో ఇంత ఉంది అని తెలుసుకోవడానికి చెబుతున్నాం, మనం రేపే చేస్తామని కాదు.

ఇప్పుడు మన ప్రశ్నలు అడుగుదాం. పువ్వు గుడిది, పని ఆడవాళ్లది. వాళ్లకు నెల జీతం వచ్చింది, గౌరవం వచ్చింది, అది నిజం. అయితే సంస్థ మాత్రం వాళ్లది కాదు. ధర ఎంత, లాభం ఎంత, రేపు ఏం చేయాలి అనే నిర్ణయం కంపెనీది. తప్పు పట్టడానికి ఈ మాట అనడం లేదు. జీతం ఒక దారి, సొంతం ఇంకో దారి. రెండూ ఒకటే అనుకోకూడదని మాత్రం చెబుతున్నాం.

లక్నో సంస్థ నేర్పిన పని

లక్నోలో కేంద్ర ప్రభుత్వానికి చెందిన ఔషధ, సుగంధ మొక్కల పరిశోధన సంస్థ ఉంది. దాన్ని సీమ్యాప్ అంటారు. వాడిన పూలతో అగరబత్తీలు, ధూపం కోన్లు చేసే పద్ధతిని ఆ సంస్థ తయారు చేసి, ఆడవాళ్లకు శిక్షణ ఇచ్చింది. లక్నో దగ్గర చంద్రికా దేవి గుడి పూలతో చుట్టుపక్కల ఆడవాళ్లు బత్తీలు చేసి అమ్మడం దాని వల్లే మొదలైంది. ఈ సంస్థకు హైదరాబాదు బోడుప్పల్‌లో కూడా ఒక పరిశోధన కేంద్రం ఉంది. శిక్షణ కావాలంటే లక్నో దాకా పోవాల్సిన పని లేదు, హైదరాబాదులో అడిగి చూడొచ్చు.

2019లో ఇంకో మార్పు వచ్చింది. అంతకు ముందు వియత్నాం, చైనా నుంచి చుట్టిన బత్తీలు తక్కువ ధరకు దిగేవి. ఆ ఏడాది ఆగస్టులో కేంద్రం అగరబత్తీల దిగుమతి మీద ఆంక్ష పెట్టింది. దాంతో మన దేశంలో చుట్టేవాళ్లకు మళ్లీ గిరాకీ వచ్చింది.

మన తెలుగు నేల మీద

హైదరాబాదులో మాయా వివేక్, మినాల్ దాల్మియా అనే ఇద్దరు స్త్రీలు కలిసి హోలీ వేస్ట్ అనే పేరుతో ఈ పని మొదలుపెట్టారు. గుళ్ల నుంచి పూలు సేకరించి, గుండ్లపోచంపల్లి దగ్గర అక్కడి ఆడవాళ్లకు పని నేర్పి, అగరబత్తీలు, ధూపం కోన్లు, సబ్బులు, ఎరువు చేయించారు. వ్యాపారం పెట్టినవాళ్లు కూడా ఆడవాళ్లే కావడం మనకు చూడముచ్చటైన సంగతి.

తిరుపతిలో 2021 సెప్టెంబరు 13న తిరుమల తిరుపతి దేవస్థానం తన ఆలయాల్లో వాడిన పూలతో చేసిన అగరబత్తీలను అమ్మకానికి పెట్టింది. ఏడు కొండలకు గుర్తుగా ఏడు రకాలు. అభయహస్త, తందనాన, దివ్యపాద, ఆకృష్టి, సృష్టి, తుష్టి, దృష్టి అని వాటి పేర్లు. బెంగళూరుకు చెందిన దర్శన్ ఇంటర్నేషనల్ సంస్థ లాభం చూసుకోకుండా తయారు చేసి ఇవ్వడానికి ముందుకొచ్చింది. తిరుపతి ఎస్వీ గోశాల దగ్గర తయారీ పెట్టారు. వచ్చిన లాభం గోసంరక్షణకు అని చెప్పారు.

దాంతో పాటే ఇంకో పని జరిగింది. డాక్టర్ వైఎస్సార్ ఉద్యాన విశ్వవిద్యాలయంతో దేవస్థానం ఒప్పందం చేసుకుంది. తిరుపతిలో ఉన్న ఆ విశ్వవిద్యాలయం చీనీ పరిశోధన స్థానంలో ఆడవాళ్లకు ఎండు పూల కళ నేర్పారు. రంగు పోకుండా పువ్వును ఆరబెట్టడం, రేకులను అతికించి దేవుళ్ల పటాలు చేయడం, కీ చైన్లు, పేపర్ వెయిట్లు చేయడం ఆ శిక్షణలో ఉంది. బత్తీ అయితే కాలిపోతుంది. పటం గోడ మీద ఏళ్ల తరబడి ఉంటుంది. ఒక్క పువ్వుకు ఎక్కువ విలువ వచ్చేది ఇట్లాంటి పనిలోనే. అయితే చేయి తిరగాలి, ఓపిక ఉండాలి.

రంగు సంగతి కూడా మరచిపోకూడదు. హోలీకి మోదుగ పూలు ఉడకబెట్టి రంగు తీయడం మన పల్లెలకు పాత విద్యే. బంతి రేకులు ఉడకబెట్టి, పటిక పట్టించిన గుడ్డను ముంచితే మంచి పసుపు రంగు పడుతుంది. ముంబైలో రూపా త్రివేది అనే ఆమె సిద్ధివినాయకుడి గుడి పూలతో బట్టలకు రంగులు వేయించే పని పెట్టింది. మనకు శ్రీకాళహస్తి పక్కనే ఉంది. కరక్కాయ, పటిక, చెట్ల రంగులతో కలంకారీ వేసే చేతులు అక్కడ ఎన్ని తరాల నుంచో ఉన్నాయి. రంగు నేర్చుకోవాలంటే మనకు దగ్గరి బడి అదే.

పూల గ్యాసు సంగతి

గ్యాసు ప్లాంటు పెడదాం అన్న అక్కల కోసం ఇది కొంచెం వివరంగా రాస్తున్నాం.

గాలి తగలకుండా మూసి ఉంచిన తొట్టిలో పేడ గానీ, కూరగాయల చెత్త గానీ, పూలు గానీ కుళ్లితే మండే గ్యాసు వస్తుంది. అందులో సగానికి పైన మీథేన్ ఉంటుంది. మిగిలిన తెట్టు మంచి ఎరువు. మన దేశంలో పేడ గ్యాసును పల్లెలకు తెచ్చింది ఖాదీ గ్రామోద్యోగ కమిషన్. పైన ఇనుప డ్రమ్ము తేలే పద్ధతి వాళ్లది. 1981-82లో కేంద్రం జాతీయ బయోగ్యాస్ పథకం పెట్టింది. 1984లో దీనబంధు అని ఇటుకలతో కట్టే, తక్కువ ఖర్చు ప్లాంటు వచ్చింది. మన ఊళ్లలో కొన్ని పెరళ్లలో పాత డ్రమ్ములు తుప్పు పట్టి ఇంకా కనిపిస్తాయి. పశువులు తగ్గినాక, సిలిండర్లు వచ్చినాక చాలా ప్లాంట్లు ఆగిపోయాయి.

తర్వాత ఇదే విద్య మార్కెట్లకు పోయింది. చెన్నై కోయంబేడు మార్కెట్టులో కూరగాయలు, పండ్లు, పూల వ్యర్థంతో కరెంటు తీసే ప్లాంటు 2005లో పెట్టారు. రోజుకు 30 టన్నుల వ్యర్థం కోసం కట్టింది అది. హైదరాబాదు బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్టులో భారతీయ రసాయన సాంకేతిక సంస్థ విద్యతో ఇంకో ప్లాంటు వచ్చింది. రోజుకు 10 టన్నుల చెత్త నుంచి దాదాపు 500 యూనిట్ల కరెంటు, మార్కెట్టు క్యాంటీన్లో వంటకు గ్యాసు వస్తాయని చెప్పారు. 2021 జనవరిలో ప్రధానమంత్రి మన్ కీ బాత్‌లో దీని గురించి మాట్లాడారు.

ఇప్పుడు మన లెక్క మనం వేసుకుందాం. 10 టన్నులకు 500 యూనిట్లు అంటే, 100 కిలోలకు 5 యూనిట్లు. మన ఊళ్లో గుడికి పండుగ రోజు తప్ప 100 కిలోలు రావు. కాబట్టి పూలతో ఊరికి కరెంటు అనే మాట మన స్థాయికి కుదరదు. పొయ్యి గ్యాసు మాత్రం కుదురుతుంది. 25 కిలోల పేడకు ఒక క్యూబిక్ మీటరు గ్యాసు వస్తుందని లెక్క. అది దాదాపు 430 గ్రాముల సిలిండర్ గ్యాసుకు సమానం. రోజుకు రెండు క్యూబిక్ మీటర్ల ప్లాంటు సరిగ్గా నడిస్తే, నెలకు దాదాపు రెండు సిలిండర్ల గ్యాసు. ఒక గుడి అన్నదానం పొయ్యికో, ఒక అంగన్వాడీ వంటకో అది అక్కరకొస్తుంది.

ఒక్కటి మాత్రం తెలుసుకోండి. ఉత్త పూలే వేస్తే తొట్టి పులిసిపోయి గ్యాసు ఆగిపోయే ప్రమాదం ఉంది. పేడతో కలిపి వేయాలి, పూలను సన్నగా తరగాలి. దారం, ప్లాస్టిక్ ముక్క ఒక్కటి కూడా పోకూడదు. రోజూ మేత వేసినట్టు వేయాలి. ఒక రోజు పది మూటలు వేసి వారం రోజులు మరచిపోతే ప్లాంటు పని చేయదు. ఆవును చూసుకున్నట్టు చూసుకోవాలి. చూసుకునే మనిషి ఎవరో ముందు తేల్చుకోకుండా ప్లాంటు కట్టకూడదు.

ఈ చరిత్ర మనకు చెప్పేది

వ్యాపారి మాట దగ్గరికి వద్దాం. ఆయన పొడికి కిలో లెక్కన ఇస్తానన్నాడు. పచ్చి పువ్వులో నూటికి ఎనభై వంతులకు పైన నీళ్లే. 100 కిలోల పూలు తెచ్చి ఎండబెడితే 20 కిలోలు కూడా మిగలవు. ఆ పొడికే డబ్బు. గుడి నుంచి మోసుకొచ్చిన బరువుకు, దారాలు ఏరిన గంటలకు, వానకు తడవకుండా కాపలా కాసిన రాత్రికి లెక్క లేదు. పైగా బొగ్గు పొడిలా ఇది కూడా ముక్కులోకి పోయే దుమ్ము. మాస్కు, చేతులకు గ్లౌజులు ఎవరు ఇస్తారనే మాట ఆయన ఎత్తలేదు. పొడి తీసుకుపోయి బత్తీ చేసి, పెట్టె మీద దేవుడి బొమ్మ వేసి అమ్మేటప్పుడు వచ్చే లాభం ఆయనది. అనంతాళ్వారు భార్య తట్ట మాదిరే మన తట్ట కూడా ఎవరికీ కనపడదు.

అట్లని ఆయన్ను వెళ్లగొట్టమని చెప్పడం లేదు. కొనేవాడు లేకుండా చేస్తే సరుకు ఇంట్లో బూజు పడుతుంది. మనం చెప్పేది ఏమంటే, పువ్వు మీద హక్కు, లెక్క పుస్తకం రెండూ సంఘం చేతిలో ఉండాలి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా మీద తిరగబడినప్పుడు, ఆ తర్వాత పొదుపు ఉద్యమం పెరిగినప్పుడు మన తల్లులు నేర్చుకుంది ఇదే. డబ్బు రూపాయి అయినా సరే, పుస్తకం మన దగ్గర ఉండాలి, సంతకం మనది ఉండాలి. చదువు రాని అమ్మ కూడా తన పొదుపు ఎంతో వేళ్ల మీద చెబుతుంది. పూల పనికి కూడా అదే పద్ధతి.

అందుకని మహాసభ ముందు మేము పెట్టదలుచుకున్న మాటలు ఇవి.

గుడి కమిటీతో ఒప్పందం సంఘం పేరు మీద రాతలో ఉండాలి. వ్యాపారి పేరు మీద ఉండకూడదు.

ఏరిన పచ్చి పువ్వుకు, పొడికి వేరువేరుగా రేటు అడగాలి. ఏరడం కూడా కూలి పనే.

మొదటి ఆరు నెలలు ఖర్చు తక్కువ పనులే చేయాలి. ఎరువు చేయడానికి పేడ, గొయ్యి, నీడ ఉంటే చాలు, నెలన్నర రెండు నెలల్లో తయారవుతుంది. మన పెరటి తోటలకే వాడుకోవచ్చు. ఆ లోపల కొందరిని బత్తీలకు, కొందరిని ఎండు పూల పటాలకు శిక్షణకు పంపాలి.

గన్నేరు, జిల్లేడు పూలు వేరుగా ఏరి పెట్టాలి. అవి పశువులు తింటే ప్రమాదం. గొయ్యి చుట్టూ కంచె వేయాలి.

గ్యాసు ప్లాంటు ఏదో ఒక ఊళ్లో, పశువులు ఉన్నచోట, చూసుకునే మనిషి ఒప్పుకున్నాకే పెట్టాలి. అది బాగా నడిస్తే రెండోది.

దేవుడి పువ్వుతో వ్యాపారమా అని కొందరు పెద్దవాళ్లు అడుగుతున్నారు. ఆ మాటకు గౌరవంగానే జవాబు చెప్పాలి. కాళ్ల కింద పడకూడదనే కదా వాళ్లు చెట్టు మొదట్లో వేసింది. ఈరోజు మురికి కాలవలో కవరుతో సహా తేలుతా ఉన్న పువ్వుకు, మళ్లీ దేవుడి ముందు ధూపమై వెలిగే పువ్వుకు ఏది మర్యాదో వాళ్లే చెప్పాలి. గుడి పూజారిని, ఊరి పెద్దలను కూర్చోబెట్టి ముందుగానే మాట్లాడితే ఈ పనికి వాళ్లే అండగా ఉంటారు.

చివరగా ఒక్క పని అందరికీ అప్పజెబుతున్నాం. ఎన్ని పూలు వస్తాయో తెలియకుండా ఏ తీర్మానమూ చేయలేం. మహాసభకు ముందు ప్రతి గ్రామ సంఘం తమ ఊరి గుళ్లలో ఏడు రోజులు వరసగా వాడిన పూలు తూకం వేయాలి. శుక్రవారం, శనివారం తప్పకుండా కలవాలి. పూలు ఎన్ని కిలోలు, అందులో దారం ప్లాస్టిక్ ఎంత, ఏ పూలు ఎక్కువ అని మీటింగు పుస్తకం వెనక పేజీలో రాసి, ఇద్దరు సభ్యులు సంతకం పెట్టి తీసుకురండి. ఆ కాగితాలన్నీ మహాసభలో బల్ల మీద పెట్టుకొని, వ్యాపారి రేటును వాటి పక్కన పెట్టి చూద్దాం. అప్పుడు చేయి ఎత్తుదాం.